మూడో ఇంజను పుస్తకం

జెబెల్ అలీలో మా విడిభాగాల గోదాములో, కప్పు దాకా పేర్చిన అరల మధ్య నిలబడి అట్టపెట్టెను బ్లేడుతో కోసినప్పుడు ఒక వాసన వస్తుంది. ఇనుముకు తుప్పు పట్టకుండా పూసిన నూనె, దాని చుట్టూ చుట్టిన మైనం కాగితం, ఎన్నేళ్లుగానో పెట్టెలో ఇరుక్కుపోయిన గాలి, మూడూ కలిసిన వాసన. నేనిక్కడ కేటలాగు పని చేస్తాను. ఏ బండికి ఏ భాగం, దాని నంబరెంత, అది ఇంకా దొరుకుతుందా లేదా అని కంప్యూటర్లో రాసే పని. ఈమధ్య ఎక్కువగా రాస్తున్నది ఆ చివరి సంగతే. మా కార్ల కంపెనీ ఇక్కడికి డీజిల్ పికప్పులు పంపడం మానేసింది. కొత్త పికప్పు పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడుస్తుంది, సిగ్నలు దగ్గర ఆగితే బతికుందో లేదో కూడా తెలియదు. పాత డీజిల్ ఇంజన్ల భాగాలు ఒక్కొక్కటే అయిపోతుంటే వాటి పక్కన "ఇక రాదు" అని కొట్టి ఎంటర్ నొక్కుతుంటాను. పెద్ద బాధేమీ ఉండదు, ఇనుప ముక్కలే కదా.

మొన్నొక మధ్యాహ్నం అలా కోసిన పెట్టెలో నాలుగు సన్నని ఇనుప పైపులు బయటపడ్డాయి. జానెడు పొడవు, చివర్లలో నట్లు, ఒక్కోటి ఒక్కో వంపు. మా కంపెనీ డీజిల్ ఇంజన్లలో మూడోదాని పైపులు. ప్రతి పైపుకూ దారంతో ఒక చీటీ కట్టి ఉంది, దాని మీద ఎర్రటి చెయ్యి బొమ్మ, కింద నాలుగైదు భాషల్లో రెండేసి వాక్యాలు. నేను ఆ చీటీ చదవలేదు. చదవక్కర్లేకుండానే అందులో ఏముందో నాకు పాతికేళ్లుగా తెలుసు. ఆ నంబరు పక్కన "ఇక రాదు" అని కొట్టబోతే ఎందుకో చెయ్యి రాలేదు. రేపు చూద్దాంలే అని కంప్యూటరు మూసేసి ఇంటికొచ్చాను.

మాది కడప జిల్లాలో రాయచోటి పక్క. పేర్లు ముస్లిం పేర్లు, ఇంట్లో మాట తెలుగు. దుబాయ్ వచ్చాక మా నాయన నోట్లో హిందీ, ఉర్దూ, నాలుగు అరబ్బీ ముక్కలు వచ్చి చేరాయి గానీ, కోపమొచ్చినప్పుడు మాత్రం అచ్చం రాయచోటే బయటపడేది. నాయన పేరు దస్తగిరి. అల్ ఖూజ్‌లో ఇదే కార్ల కంపెనీ పికప్పులను బాగుచేసే వర్క్‌షాపులో డీజిల్ మెకానిక్కు. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మనూ నన్నూ రప్పించి, సత్వాలో ఒక పాత విల్లాలో గది తీసుకున్నాడు. గదికొక కుటుంబం, అందరికీ కలిపి ఒకే వంటిల్లు, గోడకు వేలాడే ఏసీల కింద చుక్కలు పట్టడానికి పెట్టిన డబ్బాలు, వెనక ఒక ఇసుక మైదానం. ఎండాకాలంలో చన్నీళ్ల కుళాయి తిప్పితే వేణ్నీళ్లు వచ్చేవి. అందుకని వేణ్నీళ్ల హీటరును ఆపేసి, అందులో నిలవున్న నీళ్లను చన్నీళ్లుగా వాడుకునేవాళ్లం. ఇది ఊళ్లో మా జేజికి, అంటే నాయనమ్మకు, చెబితే ఎంతకీ నమ్మలేదు, పిల్ల అబద్ధాలు నేర్చిందని అమ్మను తిట్టింది.

సాయంత్రం నాయన కంటే ముందు ఆయన డీజిల్ వాసన ఇంట్లోకి వచ్చేది. ఆయన బట్టలకు వేరే బకెట్టు, వేరే సబ్బు, ఆరేసేందుకు వేరే తాడు. చేతులకు పట్టిన మడ్డి మామూలు సబ్బుకు పోయేది కాదు. గుప్పెడు చక్కెర తీసుకుని, దాని మీద కాస్త గిన్నెల సబ్బు వేసి, మోచేతుల దాకా బరబరా రుద్దుకునేవాడు. "చాయ్‌లోకి లేకపోయినా సరే, నీ చేతులకు మాత్రం గుప్పెడు కావాల" అని అమ్మ సణిగేది. "నా చేతులు తీపిగా ఉంటేనే బండ్లు మాట వింటాయిమే" అని నాయన నవ్వేవాడు. ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ నల్లటి గీత మిగిలేది. పండగ రోజు కొత్త బట్టలు వేసుకుని నమాజుకు బయల్దేరినప్పుడు కూడా ఆ పది నల్లటి గీతలు ఉండేవి.

ఆయన దగ్గర మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు ఒకటుండేది, కర్ర పిడిది. దానితో స్క్రూలు తిప్పగా నేనెప్పుడూ చూడలేదు. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, కళ్లు మూసుకుని వినేవాడు. ఏ నాజిల్ సరిగా చిమ్మడం లేదో, ఏ బేరింగు అరిగిందో ఆ కర్ర పిడి ఆయనకు చెప్పేదట. పిడి ఒక పక్క చెవి ఆకారంలో నునుపుగా అరిగిపోయి ఉండేది. ఇంట్లో కూడా ఊరుకునేవాడు కాదు. ఫ్రిజ్జుకూ, ఏసీకీ ఆనించి వినేవాడు. నాకు జలుబు చేసినప్పుడు వీపు మీద ఆనించి, చాలాసేపు తల ఊపి, "రెండో సిలిండర్ మిస్సింగ్ ఉండాది. మిరియాల కషాయం పొయ్‌మే" అని అమ్మకు చెప్పేవాడు. కషాయం వద్దని నేను ఏడిస్తే, మెకానిక్కు మాట కాదంటే బండి దారిలో ఆగిపోతుందని బెదిరించేవాడు.

ఆ కంపెనీ ఇంజన్లకు కాగితాల మీద ఏవో అక్షరాలూ అంకెలూ ఉండేవి, ఇప్పుడు నా పనంతా ఆ అంకెలతోనే. మా ఇంట్లో మాత్రం వాటికి నాయన పెట్టిన పేర్లే. మొదటిది ముసలోడు. పొద్దున్నే తాళం తిప్పితే ముందు ఎదురుగా నారింజ రంగు దీపం వెలిగేది. లోపల హీటర్ ప్లగ్గులు కాగేదాకా ఆగాలి, దీపం ఆరాకే స్టార్ట్ చెయ్యాలి. దుబాయ్ ఎండకు నిజానికి అంత ఆగక్కర్లేదు, అయినా నాయన ఆగేవాడు, ఆ కాసేపట్లో బిస్మిల్లా అనుకునేవాడు. ఆ తర్వాత దడదడమని, బకెట్టులో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు, వెనక నల్లటి పొగ, బండి మొత్తం వణుకు. ముసలోడికి పరుగు లేదు, ఎత్తు ఎక్కాలంటే ఏడుపే. కానీ ఒకసారి అంటుకున్నాడంటే బ్యాటరీ పీకేసినా తిరుగుతూనే ఉండేవాడు. మైదానంలో మా ఆట కూడా అదే. గీత దగ్గర వరసగా నిలబడి ఊపిరి బిగబట్టి, ఒకళ్లు "దీపం ఆరింది" అనగానే దడదడలాడుతూ పరిగెత్తాలి. నేను ముసలోడి చప్పుడు బాగా చేస్తానని మా వీధిలో పేరుండేది.

ముసలోడికి మిస్సింగ్ వస్తే, అంటే ఒక సిలిండరు సరిగా మండకపోతే, అది ఏదో పట్టుకునే పద్ధతి ఒకటుండేది. సినిమాల్లో డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూసినంత మామూలు పద్ధతి, ఊళ్లోనైనా దుబాయ్‌లోనైనా డీజిల్ మెకానిక్కులందరిదీ అదే. ఇంజను తిరుగుతుండగానే నాజిల్‌కు వెళ్లే పైపు నట్టును పానాతో కాస్త వదులు చెయ్యాలి. డీజిల్ బయటికి కారిపోయి ఆ సిలిండరు పని ఆపేస్తుంది. ఇంజను చప్పుడు మారితే ఆ సిలిండరు బాగున్నట్టు, మారకపోతే రోగం దానిదే. నాయన కుడిచేత్తో పానా తిప్పుతూ, ఎడమ చూపుడువేలును నట్టు కింద పెట్టి, డీజిల్ ఎంత జోరుగా వస్తోందో తాకి చూసేవాడు. అదంతా చేయడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టేది.

బండి గురించి నాయన అబద్ధం చెప్పడు. ఇది మా ఇంట్లో కథగా చెప్పుకునే సంగతి కాదు, ఉప్పు ఉప్పగా ఉంటుందన్నట్టు అందరికీ తెలిసిన సంగతి. ఒకసారి పంపు పోయిందని అబద్ధం చెప్పి కొత్తది వేయించమని పై అధికారి చెబితే, బండి యజమాని ముందే "పంపు దివ్యంగా ఉండాది సార్, ఫిల్టరు మారిస్తే చాలు" అన్నాడట. ఆ నెలంతా ఆయనకు బయట ఎండలో పని వేశారు. అమ్మ గొడవ పెట్టుకుంటే, "మనిషికి చెప్తే చెప్పొచ్చు, బండికెట్ల చెప్పేదిమే?" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు.

నేను మూడో తరగతిలో ఉండగా రెండో ఇంజను వచ్చింది. దానికి లోపలికి గాలిని గట్టిగా నెట్టే టర్బో ఉంది. వేగం ఎక్కించినప్పుడు సన్నగా ఈల వేసేది, అందుకని వాడు ఈలగాడు. ముసలోడికి చేతకాని ఎత్తులన్నీ ఈలగాడు నవ్వుతూ ఎక్కేవాడు. జోరుగా నడిపి వచ్చాక మాత్రం వెంటనే ఆపకూడదు, ఒక రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి, టర్బో చల్లారాక ఆపాలి. నేను ఆటల నుంచి చెమటలు కక్కుతూ వచ్చి నీళ్ల సీసా ఎత్తబోతే, "టర్బో చల్లారనీ పాపా, రెండు నిమిషాలు" అని నాయన సీసా లాక్కునేవాడు. ఇప్పుడు నా కొడుక్కి నేనూ అదే చెబుతాను. టర్బో అంటే ఏమిటని వాడు అడగడు.

ఆ రోజుల్లోనే మల్లేశం మామ మా ఇంటికి రావడం మొదలైంది. జగిత్యాల పక్క పల్లె మనిషి, ఒక బిల్డింగు కంపెనీలో పికప్పు డ్రైవరు, అల్ ఖూజ్ క్యాంపులో ఉండేవాడు. బండి రిపేరుకు తెచ్చినప్పుడు తెలుగు వినపడి నాయనతో స్నేహం కట్టాడు. శుక్రవారం మధ్యాహ్నాలు భోజనానికి వచ్చి, అమ్మ చేసిన చెనిక్కాయల ఊరుబిండి పచ్చడిని వట్టిదే వేలితో నాకుతూ, "వదినా, గిదేందో గని గిది లేకుంటె నాకు శుక్రవారమే అయితలేదు" అనేవాడు. వచ్చేటప్పుడు తందూరు దుకాణంలో అప్పుడే తీసిన రొట్టెలు కాగితంలో చుట్టి తెచ్చేవాడు, ఆ కాగితం పట్టుకుంటే చేతులు కాలేవి.

నాకు పన్నెండో ఏడు వచ్చేసరికి మూడో ఇంజను దిగింది. దానికి పంపుకూ నాజిళ్లకూ మధ్య కొత్తగా ఒక గొట్టం వచ్చింది. డీజిల్‌ను విపరీతమైన ఒత్తిడితో ముందే ఆ గొట్టంలో నింపి ఉంచుతారు, అక్కణ్నుంచి ఏ నాజిల్ ఎప్పుడు తెరవాలో కంప్యూటరు చెబుతుంది. పొగ లేదు, వణుకు లేదు, దడదడ లేదు. మల్లేశం మామకు ఆ బండే ఇచ్చారు. మొదటిరోజు వచ్చి, "అన్నా, గిది నడుస్తున్నదో ఆగిందో తెలుస్తలేదు. నడుస్తుంటెనే రెండుమాట్ల చాబీ తిప్పిన" అన్నాడు. నాయన స్క్రూడ్రైవరు ఆనించి చాలాసేపు విని, పక్కన పెట్టాడు. దానికి మూగోడు అని పేరు పెట్టాడు గానీ, ఆ పేరు పెట్టినప్పుడు నవ్వలేదు.

వర్క్‌షాపు ముదీర్, అంటే మేనేజరు, అందర్నీ నిలబెట్టి చెప్పాడట. "నయా ఇంజన్, నయా దిమాగ్. పురానా స్టైల్ ఖలాస్." పాత పద్ధతులు ఇక చెల్లవట. రంజాన్ పండగ అయ్యాక పరీక్ష ఉంటుంది, పాసైనవాళ్లే మూడో ఇంజను ముట్టుకోవాలి, మిగతావాళ్ల వీసా గడువు తీరాక మళ్లీ కొట్టరు. పాఠమంతా ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. నాయన ఊళ్లో ఐదో తరగతి దాకా తెలుగులో చదివాడు. వీసా పోతే అందరం రాయచోటి బస్సెక్కడమే, నా బడి అక్కడితో సరి. ఈ సంగతి నాయన నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది, ఉల్లిపాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా.

అందుకని శుక్రవారం పొద్దున నేను పుస్తకం చదవాలి, నాయన వినాలి. అప్పట్లో సెలవు శుక్రవారం. అమ్మ ఉగ్గాని చేసేది. బొరుగులు నానేసి పిండి, పోపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లిన ఆ ఉగ్గాని తిని, నాయన తలకు స్నానం చేసి, చాప పరుచుకుని, బడిపిల్లాడిలా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. నేను కుర్చీలో. నేనొక వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబితే, ఆయన ఆ తెలుగును పైకి అప్పజెప్పి, నోటుబుక్కులో బొమ్మ గీసుకునేవాడు. నాకు ఇంగ్లీషు వచ్చినా ఇంజను రాదు, ఆయనకు ఇంజను వచ్చినా ఇంగ్లీషు రాదు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు. నాకైతే మొదట్లో మహా గర్వంగా ఉండేది.

పుస్తకంలో ప్రతి పాఠానికీ ముందు నల్లటి గీతల పెట్టెలో జాగ్రత్తలు ఉండేవి. మొదటి పెట్టెలో, పని చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలని, దగ్గర్లో పొగ తాగరాదని ఉంది. నాయన పడీపడీ నవ్వాడు. "దీనికి గూడా బుక్కు కావాల్నా? డీజిల్ ముందర బీడీ ఎవుడు ముట్టిస్తాడు?" అన్నాడు. నవ్వడమైతే నవ్వాడు గానీ, మర్నాడు పొద్దున స్టోరుకు పోయి కళ్లద్దాలు అడిగి తీసుకుని పెట్టుకున్నాడు. వర్క్‌షాపులో ఎవరికీ ఆ అలవాటు లేదు. అందరూ ఆయన్ను పైలట్ సాబ్ అని ఏడిపించారు. ఎంత ఏడిపించినా తియ్యలేదు. "బుక్కులో ఉండాది కదప్పా" అనేవాడు. నేను చదివింది ఆయనకు అంత మాట.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం సత్వాలో వాన పడింది. దుబాయ్‌లో వానంటే బడికి సెలవిచ్చేంత వింత. పొద్దుటి నుంచీ ఆకాశం బూడిదరంగులో ఉండి, మేం చాప మీద కూర్చున్నాక మొదలైంది. ఏసీ రేకుల మీద టపటపమని చప్పుడు, ఇసుకలోంచి లేచిన తడి వాసన, విల్లాలో పిల్లలందరూ ఒక్కసారిగా బయటికి పరిగెత్తిన కేకలు. మైదానం చెరువైపోయింది. ఎవరో అట్టపెట్టె మీద కూర్చుని నీళ్లలో జారుతున్నారు, ఎవరో నా పేరు పిలుస్తున్నారు. నా చేతిలో పైపుల పాఠం. పేజీ తిప్పితే మళ్లీ ఆ నల్లగీతల పెట్టె, ఈసారి పేజీ నిండా, పక్కన ఎర్రటి చెయ్యి బొమ్మ. మళ్లీ కళ్లద్దాల సంగతే అయి ఉంటుందనుకున్నాను. అంచు ఎత్తి చూస్తే వెనక రెండు పేజీలూ దాని కొనసాగింపే. ఆ కాగితాన్నీ వెనక కాగితాన్నీ కలిపి ఒక్కసారే తిప్పేశాను.

నాయన నోటుబుక్కులోంచి తలెత్తాడు. "రెండు తిప్పినట్టుండావే పాపా?"

ఇంజను చప్పుళ్లకు అలవాటు పడిన చెవికి, వానలో కూడా కాగితం చప్పుడు తెలిసింది. "లేదు నాయనా, ఒకటే" అన్నాను. "సరేలే, చదువు" అని మళ్లీ తల వంచాడు. నేను ఆ పాఠాన్ని గబగబా చదివేసి వానలోకి పరిగెత్తాను. చాలా బాగా ఆడుకున్నాను. ఆ వాన నాకిప్పటికీ ఎంతో ఇష్టమైన వాన, ఏం చెయ్యను.

ఆ తర్వాత కొన్ని వారాలకు రంజాన్ నెల వచ్చింది. సత్వా రంజాన్ అంటే మధ్యాహ్నమంతా నిద్ర, సాయంత్రపు అసర్ నమాజు దాటాక ఒక్కసారిగా ప్రాణం. వీధి పొడవునా నూనె మూకుళ్లు, సమోసాలు, మసీదు ముందు గంజి కోసం గిన్నెలతో వరస, ప్రతి ఇంట్లో ఎర్రటి గులాబీ షర్బత్‌లో నానుతున్న సబ్జా గింజలు. ఒక రోజు నాయన రెండింటికే వచ్చాడు, రంజాన్‌లో పని గంటలు తక్కువ. వచ్చి, ఎడమ చూపుడువేలు చూపించాడు. కొస మీద చిన్న చుక్క, చీమ కుట్టినంత. మల్లేశం మామ బండికి మిస్సింగ్ వచ్చిందట. రోగం పట్టే కంప్యూటరు వేరే బండి దగ్గర ఉంది, అది వచ్చేదాకా ఎందుకని, ఇంజను తిరుగుతుండగానే పైపు నట్టును కాస్త వదులు చేసి, కింద వేలు పెట్టాడు. ఏదో సుయ్‌మందట. కంటికేమీ కనపడలేదట. "సూది గుచ్చుకున్నట్టు అయినాది, అంతే. మూగోడు గూడా కరుస్తాడమ్మో" అని నవ్వాడు. అమ్మ పసుపు అద్దింది. నేనూ చూశాను ఆ వేలును, దగ్గరగా చూశాను. నాకు ఎర్రటి చెయ్యి బొమ్మ గుర్తురాలేదని చెబితే బాగుండును. గుర్తొచ్చింది. కానీ బొమ్మ తప్ప దాని కింద ఏముందో తెలియదు కదా. పుస్తకం బీరువా మీదే ఉంది. నేను కుర్చీ ఎక్కలేదు.

అసర్ వేళకు వేలు తెల్లబడి బిగుసుకుంది. నొప్పికి మాత్ర వేసుకోమంటే ఉపవాసం ఉన్నానన్నాడు. ఇంకో గంటకు అరచెయ్యి వాచింది. "రోజా ఇప్పినాక పోదాంలే, పారిపోతాదా చెయ్యి?" అన్నాడు. పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ వినపడగానే కుడిచేత్తో ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాడు, మింగలేకపోయాడు. సరిగ్గా అప్పుడే వేలెట్లా ఉందో చూద్దామని మల్లేశం మామ వచ్చాడు. చూసి, చేతిలో ఉన్న రొట్టెల పొట్లం కింద పడేశాడు. "ఇగ నడువన్నా, యల్లా యల్లా" అని, బాగుచెయ్యని ఆ బండిలోనే మమ్మల్ని ఎక్కించాడు. నాలుగు సిలిండర్ల ఇంజను మూడింటి మీద కుంటుతూ ఆసుపత్రికి పోయింది. దారిలో నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు, నొప్పికి అనుకున్నాను. ఒక సిగ్నలు దగ్గర కళ్లు తెరవకుండానే, "మూడోదే, మల్లేశం. మూడో నాజిలు" అన్నాడు. తర్వాత కంప్యూటరు పెట్టి చూస్తే అదేనట.

ఆసుపత్రిలో డాక్టరు వేలు చూసి, ఎన్ని గంటలైందని అడిగి, చెప్పాక తల పట్టుకున్నాడు. పైకి చుక్కే గానీ, ఆ ఒత్తిడికి డీజిల్ లోపల అరచెయ్యి దాకా పాకిపోయిందట, వెంటనే వచ్చి ఉంటే కోసి కడిగేవాళ్లట. "ఇలాంటిది తగిలితే నొప్పి లేకపోయినా పరిగెత్తుకు రావాలని మీకెవరూ చెప్పలేదా?" అని హిందీలో అడిగాడు. నాయన లేదన్నాడు. నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. వేలు మొదలుకంటా తీసేశారు, అరచేతిలో పొడుగ్గా కోసి కుట్టారు. పండగకు ఇంట్లో పాలసేమ్యా చేశారు గానీ ఎవరు తిన్నారో గుర్తులేదు.

పండగయ్యాక ముదీర్ నాయన్నూ, బండి ఆయనది కాబట్టి మల్లేశం మామనూ పిలిపించాడు. ఏం జరిగిందో మామ మా వంటింట్లో అమ్మకు చెబుతుంటే తలుపు పక్కన నిలబడి విన్నాను. "బుక్కు సదువలేదా అని అడిగిండు వదినా. అన్నేమో, మొత్తం ఇన్న సార్, బుక్కుల గట్ల లేదు, ఉంటె నేను ఇప్పకపోదును అని గట్టిగ జెప్పిండు. ముదీర్ బుక్కు తెచ్చి, పేజీ తీసి, ఎర్ర చెయ్యి సూపెట్టిండు. అన్న దాన్నే సూసుకుంట కూసున్నడు." అమ్మకు సంగతి అర్థం కాలేదు. నాకు పూర్తిగా అర్థమైంది. సాయంత్రం నాయన వచ్చి, "వీసాకేం గాలేదు. స్టోరులోకి ఏసినారు" అని మాత్రం చెప్పాడు. అంటే ఇంజన్ల దగ్గరికి ఇక పోడు, కౌంటరు వెనక నిలబడి వచ్చినవాళ్లకు భాగాలు అందిస్తాడు. నన్ను పిలుస్తాడని, అడుగుతాడని చాలా రోజులు చూశాను. అడిగితే ఏడ్చి చెప్పేద్దామనుకున్నాను. ఆయన పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువా మీద పెట్టాడు, స్క్రూడ్రైవరును దాని పక్కన పెట్టాడు. అడగలేదు. నేను చెప్పలేదు. శుక్రవారాలు ఖాళీ అయ్యాయి, అమ్మ ఉగ్గాని అలాగే చేసేది, తిని ఎవరి పని వాళ్లం చూసుకునేవాళ్లం.

తర్వాతి ఇంజన్లన్నీ నాయన కౌంటరు వెనక నుంచే చూశాడు. నాలుగోది పొగను తనే పట్టుకుని, ఎక్కువైతే కాల్చుకుని బూడిద చేసుకునే రకం. దానికాయన పేరు పెట్టలేదు. నేను చదువు ముగించి, నాయన స్టోరులో ఉన్నందువల్ల ఆ పెట్టెల నంబర్లు అప్పటికే నోటికి వచ్చినందువల్ల, విడిభాగాల ఉద్యోగంలోనే చేరాను. ఇప్పుడు అమ్మా నాయనా షార్జాలో నాతోనే ఉంటారు. సత్వాలో మా విల్లా లేదు, ఇసుక మైదానం లేదు, దాని మీద లేచిన బిల్డింగులో ఏ అంతస్తులో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. కరోనా ఏడాది బస్సులూ లారీలూ ఆగిపోయినప్పుడు నాయన బాల్కనీలో నిలబడి, "ఊరు గొంతు పోయినట్టుండాది" అన్నాడు. సెలవు కూడా శనాదివారాలకు మారి, శుక్రవారానికి సగం పూట మాత్రం మిగిలింది.

పైపుల పెట్టె కోసిన ఆ వారమే, శుక్రవారం సగం పూట పని ముగించి ఇంటికొచ్చి, బీరువా మీది ప్లాస్టిక్ కవరు దించాను. కాగితాలకు ఇంకా డీజిల్ వాసన ఉంది. నాయన టీవీ ఆపి నన్నూ, పుస్తకాన్నీ చూశాడు. మోకాళ్లు నొప్పులు కాబట్టి సోఫాలో కూర్చోవచ్చు, కానీ గోడ పట్టుకుని మెల్లగా చాప మీదికి దిగి, బాసింపట్టు వేసుకున్నాడు. నేను కుర్చీలో కూర్చుని పేజీ తీశాను. "పైపుల పాఠం నాయనా" అన్నాను.

"ఇంజను తిరుగుతుండగా ఈ పైపుల నట్లు ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయరాదు" అని చదివాను. నాయన ఎప్పటిలాగే అప్పజెప్పాడు. "ఇంజను తిరుగుతాండగా... వదులు చేయరాదు." "ఇంధనం చర్మంలోకి దిగితే, నొప్పి లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి." దాన్నీ అప్పజెప్పాడు, మాట పొల్లుపోకుండా. పేజీ అయిపోయింది. వంటింట్లో కుక్కర్ కూత పెట్టి ఆగింది. నేను తలెత్తలేదు.

నాయన నాలుగు వేళ్ల చేతిని మోకాలి మీద పెట్టుకుని ఆ చేతినే చూస్తూ అన్నాడు. "నువ్వు ఆ పొద్దు చదివుండినా, నేను ఇప్పేవాణ్నేలే పాపా. అలవాటు యాడికి పోతాది."

కళ్లద్దాల సంగతి చదివిన మర్నాడే అడిగి తెచ్చుకుని, ఎంతమంది పైలట్ సాబ్ అన్నా తియ్యని మనిషి. బండి గురించి మా నాయన చెప్పిన అబద్ధం నేను విన్నది అదొక్కటే.

"తర్వాతది చదువు" అన్నాడు. కాగితం అంచును వేళ్ల మధ్య రుద్ది చూసుకుని, తిప్పాను. ఒకటే.